అరికాలి ఒత్తిడి పరీక్షల్లో ఎవరికి ఏది? విశాఖవాసులకు ఒక పోలిక

"ఫుట్ స్కాన్ చేయించమన్నారండీ, ఎక్కడ బాగుంటుంది?" అని అడిగేవాళ్లు ఫిజియోథెరపిస్టునైన నాకు తరచూ తగులుతుంటారు. ఎక్కడ అన్నది తర్వాత చూద్దాం, అసలు ఏ స్కాన్ అంటే చాలామంది దగ్గర జవాబుండదు. తప్పు వాళ్లది కాదు. ఆ ఒక్క పేరు కింద రకరకాల పరీక్షలు నడుస్తున్నాయి. గాజుపలక మీద నిలబెట్టి, కింద అద్దంలో పాదం ముద్ర చూపించేదీ ఫుట్ స్కానే. బూట్ల షాపులో నిమిషంలో రంగుల బొమ్మ తీసి చేతిలో పెట్టేదీ ఫుట్ స్కానే. సెన్సర్ల పలక మీదుగా నడిపించి ఒత్తిడి కొలిచేది, బూటు లోపల పల్చటి సెన్సర్ పొర పెట్టి కారిడార్‌లో అటూ ఇటూ తిప్పేది కూడా బిల్లులో అదే పేరుతో ఎక్కుతాయి. మొదటి రెండూ చెప్పే సంగతి వేరు, చివరి రెండూ చెప్పే సంగతి వేరు. ఖర్చులో తేడా కూడా బాగానే ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి, ఒకసారి పుండు పడి మానినవాళ్లకి నడకలో ఒత్తిడి కొలవడం నిజంగా పనికొస్తుంది. అదీ వాళ్లు రోజూ తొడుక్కునే చెప్పుల్లో కొలిస్తేనే. వేళ్ల మొదట్లో నొప్పి ఉన్నవాళ్లలో కొందరికి పనికొస్తుంది. పిల్లల్లో నొప్పి లేని ఫ్లాట్ ఫుట్‌కీ (అరికాల్లో వంపు లేని పాదం), కొత్త బూట్లు ఎంచుకోవడానికీ దాదాపు అక్కర్లేదు.

నిలబడితే ఒక లెక్క, నడిస్తే ఒక లెక్క

చెప్పులు లేకుండా రెండు కాళ్ల మీద మామూలుగా నిలబడినప్పుడు పాదం మోసే బరువులో దాదాపు 60 శాతం మడమ మీదే పడుతుంది. వేళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే ముందు భాగానికి 28 శాతం, మధ్య భాగానికి 8 శాతం. వేళ్ల వాటా 4 శాతం కూడా నిండదు. 1987లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చిన లెక్క ఇది.

నడక మొదలెట్టగానే ఈ పంపకం మారిపోతుంది. ఒక కాలు గాల్లో ఉన్నంతసేపు ఒళ్లంతా రెండో కాలి మీదే. మడమ ఆనిన కాసేపటికి ఒకసారి, వేళ్లతో నేలను వెనక్కి తన్నేటప్పుడు ఇంకోసారి, పాదం మీద పడే బలం మన బరువు కంటే పది ఇరవై శాతం పెరుగుతుంది. రెండోసారి పెరిగే సమయానికి మడమ పైకి లేచిపోయి ఉంటుంది. ఇక ఆ బలమంతా బొటనవేలు, వేళ్ల మొదళ్లు కలిసి కొద్ది చదరపు సెంటీమీటర్ల చోటులో మోయాలి. షుగరు పుండ్లు అరికాల్లో ఎక్కువగా పడేది సరిగ్గా అక్కడే. కాబట్టి కదలకుండా నిలబెట్టి తీసిన స్కాన్, ప్రమాదం ఉన్న చోటును ప్రమాదం లేని సమయంలో చూస్తోందన్నమాట.

ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒకాయన అలాంటి రిపోర్టే పట్టుకొచ్చారు. రెండు పాదాలూ పచ్చగా ఉన్నాయి, మడమల దగ్గర మాత్రం కాస్త పసుపు. కింద "నార్మల్" అని రాసి ఉంది. మేజోడు తీసి చూస్తే కుడి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత ఆనె, దాని మధ్యలో ముదురు మచ్చ. ఆ నలుపు ఆనె కింద రక్తం కమిలిన గుర్తు, పుండుకి ముందు మెట్టు. బొటనవేలిని చేత్తో పైకి వంచబోతే సగం కూడా లేవలేదు. కీలు బిగుసుకుపోయింది. అడుగు చివర్లో వంగాల్సిన వేలు వంగకపోతే, అది నేలకేసి నొక్కుకుంటుంది. పలక మీద నడిపిస్తే ఆ వేలి కింద ఒక్కచోటే ఎర్రగా వెలిగింది. ఆయనకి చాలా ఏళ్లుగా షుగరు. ఆనె నొప్పెట్టడం లేదు కాబట్టి పట్టించుకోలేదు. నొప్పెట్టకపోవడమే అక్కడ అసలు జబ్బు.

మెషిన్ దాకా వెళ్లకముందు

ఖర్చు లేకుండా తెలిసేవి కొన్ని ఉన్నాయి. మీరు బాగా అరగదీసిన హవాయి చెప్పును వెలుతురులో పెట్టి చూడండి. ఎక్కడ గుంట పడింది, ఏ అంచు అరిగింది, రెండు చెప్పులూ ఒకేలా అరిగాయా? నెలల తరబడి మీ నడక రాసిపెట్టిన లెక్క అది. ఏ ల్యాబులో నడిచే నాలుగడుగులకూ అంత ఓపిక ఉండదు. తర్వాత అరికాలు చూసుకోండి, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లో పిల్లల్ని ఫోన్‌తో ఫొటో తీయమనండి. ఆనె ఉన్నచోట ఒత్తిడో రాపిడో ఉన్నట్టే.

తడికాలితో గచ్చు మీద ముద్ర వేసి చూసుకోవడం కూడా చాలామందికి తెలుసు. దానివల్ల పాదం ఎంత మేర ఆనుతోందో తెలుస్తుంది, ఎంత గట్టిగా ఆనుతోందో తెలియదు. గాజుపలక, అద్దం పరీక్ష కూడా ఇంచుమించు ఇంతే. పాదం ఆకారం, వంపు, ఎడమ కుడి తేడా చూడటానికి బాగుంటుంది. డాక్టరు ఎదురుగా కూర్చుని రోగికి చూపిస్తూ మాట్లాడటానికి ఇంకా బాగుంటుంది. దాన్ని ఒత్తిడి కొలత అనుకోవద్దు.

సిరా చాప పాతకాలపు పద్ధతి. 1947లో కెనడా సైనికుల పాదాల సర్వే చేసిన హ్యారిస్, బీత్ అనే ఇద్దరు డాక్టర్ల పేర్లతో దీన్ని పిలుస్తారు. రబ్బరు చాప మీద ఎత్తు తేడాలతో గీతలు ఉంటాయి. సిరా పూసి, పైన కాగితం పరిచి దానిమీద నడిపిస్తారు. తక్కువ ఒత్తిడికి ఎత్తు గీతలే అచ్చవుతాయి, ఒత్తిడి పెరిగేకొద్దీ చిన్న గీతలు కూడా పడి ముద్ర చిక్కబడుతుంది. అంకెలు రావు. కానీ కరెంటు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పైగా ఇది నడకలోనే తీస్తుంది. నిలబెట్టి తీసే రంగుల స్కాన్, నడిపించి తీసే సిరా ముద్ర, రెండూ అందుబాటులో ఉంటే షుగరు పాదానికి నేను సిరా ముద్రే కోరుకుంటాను.

ఈ విద్యలో మన దక్షిణాదికి పాత సంబంధమే ఉంది. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో కుష్ఠు రోగుల చేతులకూ పాదాలకూ వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, స్పర్శ పోయిన పాదం పుండు పడేది జబ్బు కుళ్లబెట్టడం వల్ల కాదని, నొప్పి తెలియక అదే చోట వేల అడుగులు వేయడం వల్లనని గట్టిగా చెప్పారు. తర్వాత అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి, అదే పాఠం షుగరు పాదాలకూ వర్తిస్తుందని చూపించారు. ఒత్తిడి ఎక్కువైన చోట పగిలి రంగు కక్కే సన్నటి గుళికలున్న మేజోళ్లను కూడా అక్కడ వాడి చూశారు. ఈరోజు షాపులో "షుగరు చెప్పులు" అని అమ్మే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు మన దేశంలో ముందు కుష్ఠు రోగుల పాదాలకి పనిచేసి, తర్వాత షుగరు వాళ్ల దగ్గరికి వచ్చినవే.

నడిపించే పలక

ఇది నేలలో అమర్చిన పలక, లేదా పరిచిన చాప. లోపల చదరపు సెంటీమీటరుకు నాలుగు చొప్పున సెన్సర్లు ఉండే రకాలు ఉన్నాయి, అంతకంటే పలచగా ఉండేవీ ఉన్నాయి. చెప్పులు విప్పి దానిమీదుగా నడుస్తారు. పాదం ఆనిన క్షణం నుంచి లేచే దాకా, సెకనుకు యాభై వంద సార్లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువగా, ప్రతి సెన్సర్ మీది ఒత్తిడి నమోదవుతుంది. రిపోర్టులో అంకెలు కిలోపాస్కల్స్‌లో ఉంటాయి. 200 కిలోపాస్కల్స్ అంటే చదరపు సెంటీమీటరు మీద రెండు కిలోల బరువు పెట్టినట్టు. అరవై కిలోల మనిషి బరువు పాదమంతటా సమానంగా పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు కిలో కూడా రాదు. ఎముక పొడుచుకొచ్చిన చోట మాత్రం అది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ ఎరుపు మీదే పడతాయి. కంగారు పడొద్దు. ఏ అంకె దగ్గర ఎరుపు మొదలవ్వాలో సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునేదే. స్కేలు మారిస్తే అదే పాదం పచ్చగా కూడా కనిపిస్తుంది. పక్కనున్న రంగుల పట్టీలో ఎరుపుకి ఎదురుగా ఏ అంకె ఉందో ముందు చూడండి. ఆ తర్వాత మూడు సంగతులు. ఏ భాగంలో అత్యధిక ఒత్తిడి ఎంత, ఆ ఒత్తిడి ఎంతసేపు నిలిచింది, మడమ నుంచి వేళ్ల దాకా బరువు సాగిన గీత ఎలా వెళ్లింది. రెండోదాన్ని చాలామంది చూడరు. మెల్లగా నడిచే పెద్దవాళ్లలో అత్యధిక ఒత్తిడి మామూలుగానే ఉండి, ఆ బరువు ఒకేచోట ఎక్కువసేపు నిలిచిపోవచ్చు. స్పర్శ లేని పాదానికి అదీ చేటే.

పలక పరీక్ష ఎలా చేశారన్నదాన్ని బట్టే దాని విలువ. చిన్న పలక మీద పాదం సరిగ్గా పడాలని చూసుకుంటూ నడిస్తే అడుగు మారిపోతుంది, మీది కాని నడక నమోదవుతుంది. అందుకే రెండో అడుగు పలక మీద పడేలా మొదలుపెట్టించే పద్ధతి వాడతారు. స్పర్శ తగ్గినవాళ్లకి, తూలేవాళ్లకి అది సుఖం కూడా. ఒక్క అడుగుతో తేల్చకూడదు. ఒక్కో పాదానికి మూడు నుంచి ఐదు అడుగుల సగటు కావాలి. వేగం పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది, కాబట్టి మొదటిసారి నింపాదిగా, రెండోసారి గబగబా నడిస్తే ఆ రెండు రిపోర్టుల్నీ పోల్చలేం. ట్రెడ్‌మిల్ లోపల సెన్సర్లున్న రకంలో వరసగా బోలెడన్ని అడుగులు దొరుకుతాయి. కుర్రాళ్లకి, పరుగెత్తేవాళ్లకి అది హాయి. ట్రెడ్‌మిల్ ఎప్పుడూ ఎక్కని డెబ్బై ఏళ్ల అమ్మమ్మ దానిమీద భయపడుతూ వేసే అడుగులు మాత్రం ఎందుకూ కొరగావు.

ఆనె సంగతి ఒకటుంది. ముదిరిన ఆనెను నిపుణుల చేత పలచగా చెక్కిస్తే ఆ చోట అత్యధిక ఒత్తిడి పావు వంతు దాకా తగ్గినట్టు 1992లో వచ్చిన అధ్యయనం చూపించింది. అంటే ఆనెతో కొలిచారా, తీసేశాక కొలిచారా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. రిపోర్టులో ఆ మాట రాయించుకోండి. బ్లేడుతో ఇంట్లో చెక్కుకోవద్దు. మెడికల్ షాపులో దొరికే కార్న్ పట్టీల్లో చర్మాన్ని కరిగించే యాసిడ్ ఉంటుంది, షుగరు ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు.

చెప్పు లోపల కొలిచేది

పలక పరీక్ష వట్టికాలి నిజం చెబుతుంది. మనం బజారుకి వెళ్లేది, డ్యూటీ చేసేది చెప్పుల్లోనో బూట్లలోనో. డాక్టరు వేల రూపాయల ఇన్సోల్ (చెప్పు లోపల పాదం కింద పరిచే మెత్త) రాశారు, అది నిజంగా ఒత్తిడి తగ్గించిందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగేది పాదానికీ ఇన్సోల్‌కీ మధ్య పెట్టే సెన్సర్ పొర ఒక్కటే. కాగితంలా పలచగా ఉండే రకాలు ఉన్నాయి, కాస్త మందంగా ఒక్కో పాదానికి వంద లోపు సెన్సర్లతో ఉండే రకాలూ ఉన్నాయి. నడుముకి చిన్న పెట్టె కట్టుకుని కారిడార్‌లో మామూలుగా నడవచ్చు. పలక కోసం చూసుకుంటూ అడుగు వేయాల్సిన పని లేదు.

షుగరు పాదాల మీద అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చే సూచనల్లో దీనికో గురి కూడా ఉంది. ఒకసారి అరికాల్లో పుండు పడి మానినవాళ్ల చెప్పు, నడకలో ఆ చోట ఒత్తిడిని కనీసం 30 శాతం తగ్గించాలి, లేదా 200 కిలోపాస్కల్స్ లోపుకి తేవాలి. ఈ 200 చెప్పు లోపల కొలిచిన అంకెకే చెల్లుతుంది. వట్టికాలి పలక రిపోర్టులో 200 దాటిందని బెంబేలెత్తనక్కర్లేదు, ఆరోగ్యమైన పాదాలు కూడా అక్కడ సులువుగా దాటేస్తాయి.

కాబట్టి ఈ పరీక్ష అందం ముందూ వెనకా పోల్చడంలో ఉంది. పాత చెప్పుతో కొలవాలి, కొత్త ఇన్సోల్‌తో కొలవాలి, ఎర్రగా ఉన్నచోట ఇన్సోల్ చెక్కి మళ్లీ కొలవాలి. వేళ్ల మొదళ్ల వెనక పెట్టే మెత్తటి బిళ్ల కొద్ది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఫలితం తారుమారవుతుంది. ఎముక తలకి సరిగ్గా కింద పెడితే ఒత్తిడి పెరుగుతుంది, కాస్త వెనక పెడితే తగ్గుతుంది. ఇది కళ్లతో చూసి చెప్పడం ఎంతో అనుభవం ఉన్నవాళ్లకి కూడా కష్టం. కొలిచేవాళ్లు ఒకచోట, ఇన్సోల్ చేసేవాళ్లు ఇంకోచోట ఉంటే ఈ సర్దుబాటు జరగదు. ద్వారకానగర్‌లో కొలిచి, గాజువాకలో చెప్పు చేయించుకుంటే, మళ్లీ కొలత ఎవరు చేస్తారు? అందుకే నా సలహాలో మెషిన్ బ్రాండు కంటే ఇన్సోల్ చేసే మనిషి పక్కగదిలో ఉన్నాడా అన్నదే పెద్ద విషయం.

లోపాలూ ఉన్నాయి. సెన్సర్ పెద్దదైతే సన్నటి ఎముక కింది ఒత్తిడి చుట్టుపక్కల చోటుతో కలిసిపోయి తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఒక కంపెనీ మెషిన్‌లో వచ్చిన అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు. పలచటి పొరలు వాడేకొద్దీ మడతలు పడి, అరిగి తప్పు చెబుతాయి. బూటు లోపలి వేడికీ చెమటకీ కొన్ని రకాల అంకెలు జారుతుంటాయి, మన సముద్రపు గాలి ఉక్కలో ఇది మరీ గుర్తుంచుకోవాల్సిన సంగతి. మీ బరువుతో కాలిబ్రేషన్ (సెన్సర్ల అంకెలు సరిచూసుకోవడం) చేశాకే నడిపించారా అని అడగండి. ఇక బొటనవేలి సందులో పట్టీ ఉండే చెప్పుల్లో ఈ పొర కుదురుగా కూర్చోదు. వెనక పట్టీ ఉన్న శాండిల్స్‌లో, బూట్లలో బాగా కుదురుతుంది.

పలకైనా పొరైనా కొలిచేది పైనుంచి కిందికి పడే ఒత్తిడినే. చర్మం పక్కకి ఈడ్చుకుపోయే రాపిడిని మామూలు మెషిన్లు కొలవవు. వదులు చెప్పులో పాదం ముందుకీ వెనక్కీ జారుతుంటే రిపోర్టు బాగుండి కూడా బొబ్బ లేవచ్చు.

ఇంకో చిక్కు మన ఇళ్లలో ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్తాం. ఇల్లాలు రోజంతా వంటింటికీ, పెరటికీ, మేడ మీదికీ తిరిగేది టైల్స్ మీద వట్టికాళ్లతోనే. నెదర్లాండ్స్‌లో పుండు మానినవాళ్ల మీద చేసిన, 2013లో వెలువడిన అధ్యయనంలో, ప్రత్యేకంగా చేయించిన బూట్లను బయట నడిచిన అడుగుల్లో 87 శాతం వాటికి తొడుక్కున్నారు, ఇంట్లో వేసిన అడుగుల్లో 61 శాతానికే. బూట్ల అలవాటున్న చల్లటి దేశంలోనే అలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది. స్పర్శ తగ్గినవాళ్లకి ఇంట్లో తొడుక్కోవడానికి వేరే ఎంసీఆర్ జత ఉంచండి, పూజగది గుమ్మం దాకా దాంతోనే తిరగనివ్వండి. కొలత కూడా ఆ ఇంటి జతతో ఒకసారి తీయించండి.

మీరు ఏ కోవలో ఉన్నారు?

షుగరు ఉంది, పాదాల్లో ఏ ఇబ్బందీ లేదు. అయితే మెషిన్ కంటే ముందు నైలాన్ దారం పరీక్ష చేయించుకోండి. పది గ్రాముల బలానికి వంగే సన్నటి దారాన్ని అరికాల్లో కొన్ని చోట్ల తాకించి, తెలిసిందా లేదా అని అడుగుతారు. కొన్ని నిమిషాల పని. వైబ్రేషన్ ఎన్ని వోల్టుల దగ్గర తెలుస్తోందో చూసే బయోథీసియోమీటర్ పరీక్ష కూడా ఇదే కోవది, 25 వోల్టులు దాటినా తెలియకపోతే ప్రమాదం ఉన్నట్టు. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగుంటే ఏడాదికోసారి పాదాలు చూపించుకుంటే చాలు. ఒత్తిడి కొలత మీద డబ్బు పెట్టొద్దు. ఒత్తిడి ఒక్కదాన్నే చూసి ఎవరికి పుండు పడుతుందో చెప్పలేమని ఇప్పటికే తేలింది.

స్పర్శ తగ్గింది, పైగా వేళ్లు వంకర పోయాయి లేదా ఆనెలు ఉన్నాయి. వీళ్లకి పలక మీద నడక పరీక్ష ఒకసారి, చెప్పు చేయించాక లోపలి కొలత ఒకసారి. ఇదివరకు పుండు పడినవాళ్లయితే లోపలి కొలతే ముఖ్యం. డబ్బు ఒక్కదానికే ఉంటే దానికే పెట్టండి. పుండు పడి మానినవాళ్ల పాదాల్ని ఒకటి నుంచి మూడు నెలలకోసారి ఎవరో ఒకరు చూడాలి. పాదం వేడెక్కి, ఎర్రబడి, వాచి ఉంటే మాత్రం ఏ స్కానూ వద్దు, నడిపించనే వద్దు. అదేరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, కేజీహెచ్ అయినా సరే, మీకు దగ్గర్లోని ఆసుపత్రి అయినా సరే.

ఈ కోవలోనే సింహాచలం గిరిప్రదక్షిణ సంగతి కూడా చెప్పాలి. ఆషాఢ పౌర్ణమి ముందు తొలిపావంచా (కొండ కింది తొలిమెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు వట్టికాళ్లతో నడిచేవాళ్లలో షుగరు ఉన్నవాళ్లు కూడా ఉంటారు. మొక్కు సంగతి నేను మాట్లాడను. నైలాన్ దారం తెలియని పాదంతో అన్ని వేల అడుగులు వట్టికాలి మీద వేయడం మాత్రం పుండును పిలిచి తెచ్చుకోవడమే. ఏ రిపోర్టూ దానికి అనుమతి ఇవ్వదు. కొండ మీదికి బస్సు ఉంది, అప్పన్న దర్శనం అక్కడా అవుతుంది.

పొద్దున మంచం దిగగానే మడమలో పోటు. ఇది చేత్తో నొక్కి, కథ విని చెప్పగలిగే జబ్బు. ముందు పిక్క, అరికాలు సాగదీసే వ్యాయామాలు, గట్టి సోలు మార్చడం, గంటల తరబడి నిలబడటం తగ్గించడం. కొన్ని నెలలు సరిగ్గా చేసినా తగ్గకపోతే అప్పుడు స్కాన్ గురించి ఆలోచించండి. మొదటి రోజే స్కాన్ తీసి, ఆ వెంటనే ఇన్సోల్ అంటగట్టే చోట జాగ్రత్త.

వేళ్ల మొదట్లో మంట, రాయి తొక్కినట్టు నొప్పి. పలక పరీక్ష ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఏ ఎముక కింద బరువు ఎక్కువ పడుతోందో తెలిస్తే బిళ్ల ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఉక్కు, పోర్టు, డాక్‌యార్డు ఉద్యోగులైతే ముందువైపు ఇనుప తొడుగున్న సేఫ్టీ షూస్ వెంట తీసుకెళ్లి వాటిలోనే కొలిపించుకోండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మీ పాదం ఉండేది వాటిలోనే కదా. ఇన్సోల్ పెట్టాక ఆ బూట్లో వేళ్లకి చోటు మిగులుతుందా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

పిల్లల ఫ్లాట్ ఫుట్. బడిలో ఎవరో అన్నారని తల్లిదండ్రులు పడే టెన్షన్ ఇంతా అంతా కాదు. చిన్నపిల్లల పాదంలో వంపు పుట్టుకతో రాదు, ఆరేడేళ్లు వచ్చేదాకా, కొందరిలో ఇంకా ఆలస్యంగా, మెల్లగా ఏర్పడుతుంది. మునివేళ్ల మీద నిలబడమనండి. వంపు కనబడి, మడమ లోపలికి తిరిగితే, నొప్పి లేకపోతే ఆడుకోనివ్వండి. ఎరుపు, నీలం రంగుల బొమ్మ తీయించి పిల్లవాడికి లేని జబ్బు అంటించొద్దు. బిగుసుకుపోయి కదలని పాదం, నొప్పి, ఒక కాలికే ఉన్న తేడా, ఈ మూడింటిలో ఏదున్నా ఎముకల డాక్టరు చూడాలి.

పరుగు. నేవీ మారథాన్ దగ్గరపడగానే బీచ్ రోడ్డులో కొత్త బూట్లు కళకళలాడతాయి, షాపు స్కాన్‌లకి గిరాకీ పెరుగుతుంది. అమెరికాలో సైన్యం, వైమానిక దళం, మెరైన్ల శిక్షణలో నిలబెట్టి చూసిన పాదం ఆకారాన్ని బట్టి కొందరికి బూట్లు ఎంచి ఇచ్చారు, మిగతావాళ్లకి ఒకే రకం ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. షాపు స్కాన్ ఉచితమైతే సరదాగా తీయించుకోండి, బూటు మాత్రం తొడుక్కుని నాలుగడుగులు పరుగెత్తి, హాయిగా ఉన్నదే కొనండి. ఒకే చోట మళ్లీ మళ్లీ ఎముకలో పగులు వస్తున్నవాళ్లకి మాత్రం వీడియో, బూటు లోపలి కొలత కలిపి చూడటం దండగ కాదు.

పక్షవాతం తర్వాత, మోకాలి ఆపరేషన్ తర్వాత ఒత్తిడి బొమ్మ కంటే అడుగు పొడుగు, రెండు కాళ్లకీ సమయం ఎలా పంచుకుంటున్నారు అన్నవి ముఖ్యం. పొడవాటి నడక చాప ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ వీడియో, స్టాప్‌వాచ్‌తో కూడా చాలా పని జరుగుతుంది.

ఫోన్ చేసి అడగాల్సినవి, వెంట తీసుకెళ్లాల్సినవి

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే అడగండి. నిలబెట్టి తీస్తారా, నడిపిస్తారా? ఒక్కో పాదానికి ఎన్ని అడుగులు తీస్తారు? రంగుల బొమ్మే ఇస్తారా, భాగాలవారీగా అంకెలు కూడా ఇస్తారా? చెప్పు లోపల కొలవగలరా? ఇన్సోల్ తయారయ్యాక మళ్లీ కొలుస్తారా, దానికి వేరే డబ్బు కట్టాలా? చివరి ప్రశ్నకి తడబడే చోట మీకు అమ్మేది ఇన్సోల్, స్కాన్ దానికి ముందు జరిగే తతంగం అనుకోవచ్చు.

వెళ్లేటప్పుడు కొత్త చెప్పులు వేసుకెళ్లొద్దు. రోజూ తిరిగే జత, ఇంట్లో జత, డ్యూటీ బూట్లు, మామూలుగా వేసుకునే మేజోళ్లు సంచిలో వేసుకోండి. ఇదివరకు వాడి పక్కన పడేసిన ఇన్సోల్ ఉంటే అదీ తీసుకెళ్లండి. పుండు పడి మానిన చోటును పెన్నుతో గుర్తు పెట్టించండి, మానిన చర్మంలో ఆ చోటు తర్వాత దొరకదు. ఎదురుగా చూస్తూ మీ మామూలు వేగంలోనే నడవండి. పక్కన మనవడు వీడియో తీస్తున్నాడని ఠీవిగా నడిస్తే రిపోర్టు కూడా ఠీవిగానే వస్తుంది.

రిపోర్టు కాపీతో పాటు ఏ మెషిన్, ఏ తేదీ, ఏ చెప్పు, ఆనె తీశారా లేదా అన్నవి దానిమీదే రాయించి ఫైల్లో పెట్టుకోండి. ఎంసీఆర్ కూడా కాలక్రమంలో నలిగి పలచబడుతుంది. సోలును బొటనవేలితో నొక్కితే మళ్లీ పైకి లేవడం మానేసినా, అరికాల్లో కొత్త ఆనె కనిపించినా, చెప్పు మార్చి అదే మెషిన్ మీద మళ్లీ కొలిపించుకోండి.